లొదోయ్ పొట్టలో గాలి

సర్జన్ బాద్రఖ్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చాలాసేపు నోరు విప్పలేదు. తిట్టే డాక్టరంటే దుల్మాకు భయం లేదు. నోరు విప్పని డాక్టరంటేనే భయం.

మంచం మీద లొదోయ్ మాత్రం తన పొట్టను తనే తట్టి చూసుకుంటున్నాడు. రెండు వేళ్ళతో పక్కటెముకల కింద ఒకసారి, బొడ్డు పక్కన ఒకసారి. తట్టినప్పుడల్లా చెవి కాస్త వంచి వింటున్నాడు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ పందెం గుర్రాల పొట్టలు తట్టిన చెయ్యి అది. మనిషి పొట్ట దగ్గరకొచ్చేసరికి పద్ధతి మార్చుకోవాలని దానికి తోచలేదు.

"తడిగడ్డి మేసిన గుర్రంలా మోగుతోంది," అన్నాడు తీర్పు చెప్పినట్టు. "ఈ పొట్ట పందేనికి పనికిరాదు."

"నిన్నెవరూ పందేనికి పిలవలేదులే, పడుకో," అంది దుల్మా.

బాద్రఖ్ ఫిల్మును ఆమె ముందుకు తెచ్చాడు. "ఇక్కడ చూడమ్మా. ఊపిరితిత్తుల కింద నల్లగా నెలవంకలా ఉందే, అది గాలి. గాలి పేగు లోపల ఉంటే ఫరవాలేదు. ఇది పేగు దాటి బయట ఉంది. అంటే పేగుకి ఎక్కడో చిల్లి పడినట్టు."

"చిల్లి పడితే కుట్టెయ్యరాదా?" అంది దుల్మా. గుడారం చుట్టూ కప్పే ఉన్ని నమదాకి ఏటా ఎన్నో చిల్లులు పడతాయి. ఆమె ఎన్నడూ ఇంత ముఖం పెట్టుకుని కుట్టలేదు.

"మీ ఆయన లివర్ బాగుంటే ఈపాటికి కుట్టేసి, చేతులు కడుక్కుని, టీ కూడా తాగేవాణ్ణి. ఆ లివర్‌తో మత్తిచ్చి కోస్తే లేస్తాడో లేవడో చెప్పలేను. కొయ్యకుండా వదిలేస్తే, నిజంగా చిల్లే అయితే, లేవడని మాత్రం చెప్పగలను."

మాట కఠినంగా ఉన్నా ఆయన గొంతు కఠినంగా లేదు. దుల్మా తల ఊపింది. మంచం పట్టె మీద కూర్చుంది.

ఇంతలో సెల్మెగ్ డాక్టరమ్మ వచ్చింది. కిందటేడు రాజధాని నుంచి ఈ జిల్లా ఆసుపత్రికి వచ్చిన సన్నపాటి పిల్ల. లొదోయ్ లివర్‌లో ఎప్పటి నుంచో కాపురమున్న వైరస్‌కి మాత్రలిస్తున్నది ఆమే. చలి తగ్గే రోజుల్లో అతని తల మబ్బేసినప్పుడు, లివర్ వడగట్టలేని విషం మెదడుకెక్కిందని చెప్పి, కడుపు కడిగే తీపి మందు మొదలుపెట్టిందీ ఆమే. అప్పట్లో లొదోయ్ ఓ రోజు పొద్దున్నే దుల్మాను చూసి, "ఈ ఎర్ర గుర్రానికి నీళ్ళెవరూ పెట్టలేదా?" అని అడిగాడు. మందు పడ్డాక దుల్మా మళ్ళీ మనిషైంది.

సెల్మెగ్ దుప్పటి తీసి, అతని పొట్ట మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కింది. "నొప్పా?"

"నొప్పి కాదు, బిగుతు. గుర్రానికి జీను పటకా ఒక బెజ్జం ఎక్కువ బిగించినట్టుంది."

ఆమె బాద్రఖ్ వైపు తిరిగింది. "చిల్లి పడితే పొట్ట రాయిలా ఉండాలి సార్. ఇది కలిపిన పిండిముద్దలా ఉంది. జ్వరం కూడా లేదు."

"ఇలాంటి లివర్ ఉన్నవాళ్ళ పొట్ట అబద్ధాలాడుతుందమ్మా. చాలాసార్లు చూశాను."

సెల్మెగ్ ఒక్క క్షణం ఆలోచించి లొదోయ్ మీదికి వంగింది. "లొదోయ్ గారూ, తీపి మందు ఎంత తాగుతున్నారు?"

"నువ్వు చెప్పినంతే."

"పూటకో పెద్ద చెంచాడు?"

"చెంచాడే," అన్నాడు లొదోయ్, పైకప్పు కేసి చూస్తూ.

లొదోయ్ అబద్ధం చెప్పేటప్పుడు పైకి చూస్తాడు. గుడారంలో అయితే పొగగూడులోంచి ఆకాశం కనిపిస్తుంది గనక వాన సంగతి చూస్తున్నాడని సరిపెట్టుకోవచ్చు. ఆసుపత్రి పైకప్పులో చూడడానికేముంది? దుల్మా నేల చూపు చూసింది. ఎందుకంటే జీన్ల పెట్టె అడుగున, గుర్రం చెమట గీసే చెక్క కింద, ఖాళీ తీపి మందు సీసాలు ఆమె కళ్ళబడి చాలా రోజులైంది. మొగుడు పైకీ పెళ్ళాం కిందికీ చూస్తుంటే మధ్యలో ఉన్న డాక్టరమ్మకు ఏదో ఉందని అర్థమైంది గానీ, ఏముందో అర్థం కాలేదు.

సీసాల సంగతి దుల్మాకు మాత్రం పూర్తిగా తెలుసా ఏం? తెల్లవారుజామున లొదోయ్ సీసా తీసుకుని గుర్రాల తాడు దగ్గరికి వెళ్ళడం, రెండేళ్ళ బూడిదరంగు పిల్ల గుర్రం పక్కన గుడారానికి వీపు పెట్టి నిలబడడం చూసింది. చూసి, లోపల తేలికపడాలని గుర్రానికే పడుతున్నాడనుకుంది. ఆ అనుకోవడంతోనే ఆమె గుండెలో రాయి పడింది. పందెం గుర్రానికి గడ్డీ, నీళ్ళూ, చెమటా తప్ప నాలుగోది ఇచ్చేవాడు మనిషే కాదని కిందటేడు గుర్రప్పందేల నాదామ్ పండగలో నలుగురి మధ్య టోపీ తీసి మరీ అరిచింది లొదోయే. గుర్రానికి మాత్ర మింగించి దొరికిపోయిన ఆ పెద్దమనిషి సిగ్గుతో మంద తోలుకుని వేరే జిల్లాకి పోయాడు. ఈ ఏడాది నాదామ్ ఇంకో మూడు రోజుల్లో. ఈ ఊళ్ళో ఆసుపత్రిలో అన్న మాట, గుర్రాల కంటే ముందే మైదానానికి చేరుతుంది.

"రేపు పొద్దున ఇంకో ఫిల్ము తీద్దాం," అన్నాడు బాద్రఖ్. "నెలవంక పెరిగితే మాటల్లేవు, కోసెయ్యడమే."

*

పక్క మంచం గొంబోది. లారీ డ్రైవరు. అతనిదీ లివరే గానీ, అతని పొట్టలో చేరింది నీరు.

"నీకు గాలి, నాకు నీరు," అన్నాడు గొంబో లొదోయ్‌తో. "ఇంకొకడు కాస్త నిప్పు పట్టుకొస్తే టీ కాచుకోవచ్చు."

"నీ లారీ టైరు పంక్చరైతే ఏం చేస్తావు?" అడిగాడు లొదోయ్.

"స్టెప్నీ వేస్తాను. నీకుందా స్టెప్నీ?"

ఇద్దరూ నవ్వారు. లొదోయ్ పొట్ట పట్టుకుని మెల్లగా నవ్వాడు. పొద్దుటి నుంచీ బిగబట్టి కూర్చున్న దుల్మాకూ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మధ్యాహ్నం ఖోర్లో వచ్చింది. లొదోయ్‌కి అక్క. వెడల్పైన మనిషి, ఆమె గొంతు ఆమె కంటే వెడల్పు. భుజాన ఐరగ్ క్యాను, చేతిలో చిన్న గుడ్డమూట. గడప తొక్కుతూనే వార్డంతటికీ వినపడేలా, "ఏరా తమ్ముడూ, బతికే ఉన్నావా?" అంది.

"ఉన్నాగానీ, గుర్రం ఎలా ఉంది?"

"నీకంటే నయం. అది పొట్ట లోపలికి లాక్కుంది, నువ్వు బయటికి పెట్టావు."

పులిసిన గుర్రప్పాల వాసనకి వార్డులో వాళ్ళంతా తలలెత్తారు. ఈ వార్డులో ఐరగ్ తాగే యోగం ఎవరికీ లేదు. దుల్మా క్యాను మూత బిగించి మంచం కిందికి తోసింది. ఖోర్లో మూట విప్పి తమ్ముడి చేతిలో పెట్టింది.

గుర్రం లద్దె. పొద్దుటిది.

లొదోయ్ ముఖం వెలిగిపోయింది. లేచి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక ఉండ తీసుకుని ముందు బరువు చూశాడు, వెలుతురు వైపు తిప్పి రంగు చూశాడు. బొటనవేళ్ళతో రెండుగా విరిచి, లోపలి గడ్డిపోచ చిదిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పందెం గుర్రాన్ని తాడుకి కట్టి, మేత కొలిచి వేసి, పరుగెత్తించి చెమట తీస్తూ రోజురోజుకీ లోపల ఎంత తేలికపడిందో చూసుకునేది దీంతోనే.

"చిన్నగా, గట్టిగా, నల్లగా. లోపల తడే లేదు. చూడు దుల్మా, ఎంత ముచ్చటగా ఉందో!"

దుల్మా చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమె వంటను ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. అయినా చూసింది. చూస్తూ చూస్తూ ఏదో తట్టి ఇంకా దగ్గరికి వంగింది.

అప్పుడే నర్సు వచ్చింది. తెల్లటి దుప్పటి మీద పేడ చూసి కెవ్వుమంది. "ఇది ఆసుపత్రా, గుర్రపుశాలా?"

"శాంపిల్ అమ్మాయ్," అన్నాడు గొంబో గంభీరంగా. "మా దగ్గర తీసుకుంటారుగా రోజూ? అలాంటిదే. పేషెంటు వేరు."

నర్సు గుడ్డమూటతో పాటు ఖోర్లోను కూడా బయటికి పంపింది. తలుపు మూసుకున్నా ఖోర్లో గొంతు మాత్రం కాసేపు లోపలే ఉండిపోయింది. "తాడు విప్పవద్దంటావా తమ్ముడూ?"

"చచ్చినా విప్పకు! పరుగు రోజుదాకా ఒక్క పోచ ఎక్కువ తినకూడదు!"

దుల్మా ఆ మాటలు వినడం లేదు. ఆమె ఆలోచన లద్దె దగ్గరే ఆగిపోయింది. తీపి మందు ఒక చెంచాడు పడితేనే లొదోయ్ గుడారం వెనక్కి పరుగెత్తేవాడు. సీసాలకి సీసాలు తాగిన గుర్రం అలాంటి నల్లటి గట్టి ఉండలు వేస్తుందా? వెయ్యదు. అయితే ఆ గుర్రం చుక్క కూడా ముట్టలేదన్నమాట.

మరి సీసాలు ఖాళీ చేసిందెవరు?

*

నడవలో కిటికీ దగ్గర సెల్మెగ్ టీ చల్లార్చుకుంటూ నిలబడి ఉంది. దుల్మా వెళ్ళి పక్కన నిలబడింది.

"డాక్టరమ్మా, ఆ తీపి మందు ఎక్కువైతే ఏమవుతుంది?"

సెల్మెగ్ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసింది. "మీ ఇంట్లో ఐరగ్ తోలుతిత్తి ఉంటుందిగా? అందులో రోజూ గుప్పెళ్ళకి గుప్పెళ్ళు పంచదార పోసి మూతి కట్టేస్తే?"

"పొంగుతుంది. కుట్ల సందుల్లోంచి బుడగలొస్తాయి."

"తిత్తి చిరిగిందా మరి?"

"చిరగదు. పులిసిన గాలి అలా కారుతుంది, అంతే."

"పేగు కూడా తోలుతిత్తే. ఆ మందు లోపలికెళ్ళి పులుస్తుంది, అదే దాని పని. మరీ ఎక్కువైతే, ఎప్పుడో ఎవరికో, గాలి పేగు గోడలో బుడగలు బుడగలుగా చేరుతుంది. ఆ బుడగలు చిట్లి గాలి బయటికొస్తుంది. చిల్లి లేకుండానే. రాజధానిలో ఒక్కరిని చూశాను, మళ్ళీ చూడలేదు. అక్కడ కొయ్యకుండానే తగ్గింది. మందు ఆపి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, కడుపు ఖాళీగా ఉంచాం. గాలికి గాలే మందు." ఆమె దుల్మా కళ్ళలోకి చూసింది. "కానీ ఆయన చెంచాడే తాగానంటున్నారు. చెంచాడుకి ఇలా కాదు. అప్పుడు బాద్రఖ్ సారు చెప్పిందే నిజమవుతుంది. ఆయన చేతిని పట్టుకుని ఆపడానికి నా దగ్గర కారణం లేదు."

దుల్మా ఖాళీ సీసాల సంగతి చెప్పింది. చెప్పినంత మాత్రాన పని జరిగిందా అంటే, జరగలేదు. మర్నాడు పొద్దున్నే రెండో ఫిల్ములో నెలవంక కాస్త లావెక్కి కనిపించింది. బాద్రఖ్ మంచం దగ్గరికొచ్చి సీసాల మాట అడిగాడు.

"ఒకటి పగిలింది," అన్నాడు లొదోయ్ పైకప్పుతో. "ఒకటి పక్క గుడారం ముసలమ్మకిచ్చాను."

"మిగతావి?"

"ఏమో. ఎలుకలు."

"ఎలుకలు మూత తిప్పి తాగాయా?" అన్నాడు గొంబో దుప్పట్లోంచి.

బాద్రఖ్ నిట్టూర్చాడు. దుల్మాను పక్కకి పిలిచి, "ఆపరేషనంటే ఇంట్లోవాళ్ళు ఏదో ఒక దారి వెతుక్కుంటారమ్మా, సహజం. నేనైనా అదే చేస్తాను. కానీ ఆయన నోటితో ఆయనే కాదంటుంటే నేనేం నమ్మను? పొట్టకోత కాగితం మీద మీ ఇద్దరి సంతకాలూ కావాలి," అన్నాడు.

చక్రాల మంచం వార్డులోకి వచ్చింది. దాని ఒక చక్రం కిరకిరమంటోంది. లొదోయ్ బట్టలు మార్చుకుని, పైగా జుట్టు కూడా దువ్వుకుని, నాదామ్‌కి బయల్దేరినవాడిలా కూర్చున్నాడు. ఈ మనిషి భయపడినప్పుడు కూడా శుభ్రంగానే భయపడతాడు. అతని చేతులు మాత్రం దుప్పటి అంచును చుట్టి విప్పి, చుట్టి విప్పి, కళ్ళెం తాడులా పేనుతున్నాయి. ఆ చేతుల్ని చూసేసరికి దుల్మాకు నిశ్చయం కుదిరింది. ఈ మనిషిని బతిమాలితే లాభం లేదు. ఏడిస్తే అసలే లాభం లేదు. పెళ్ళైన కొత్తలోనే ఆ రెండూ చూసి పక్కన పెట్టేసింది. ఇక మిగిలింది ఒక్కటే.

ఆమె లేచి నిలబడి, కొంగు లేదు గనక నడుముకి కట్టుకున్న పటకా సర్దుకుంది. వార్డులో వాళ్ళందరికీ, నడవలో వెళ్ళేవాళ్ళకి కూడా వినిపించేలా అంది: "సంతకం పెడతాను డాక్టరుగారూ. కానీ ఆయన పోయేలోపు నా గుండె మీద బరువు దించుకోనివ్వండి. ఆ సీసాలు ఎలుకలు తాగలేదు. మా ఆయన పందెం గుర్రానికి పట్టాడు."

కిరకిర ఆగిపోయింది. గొంబో దుప్పట్లోంచి తల బయటపెట్టాడు.

"ఏమన్నావ్?" అన్నాడు లొదోయ్.

"నా కళ్ళతో చూశాను. తెల్లారకుండా సీసా పట్టుకుని తాడు దగ్గరికెళ్ళేవాడివి. కిందటేడు నువ్వే కదా టోపీ తీసి అరిచింది? ఆ మాత్ర మింగించినవాడికీ నీకూ తేడా ఏముంది? వాడు మాత్ర, నువ్వు సిరప్పు. వాడు కనీసం ఊరు వదిలిపోయాడు."

లొదోయ్ ముఖం అప్పటిదాకా పసుపుగా ఉండేది. ఇప్పుడు ఎర్రబడింది. లివర్ జబ్బువాళ్ళ ముఖంలో అంత రక్తం చూడడం ఆ వార్డుకి కొత్త. "నేనా? గుర్రానికి మందా? నా చేత్తోనా? ఓసి నీ..." తిట్టు సగంలోనే వదిలేశాడు. "నేను! నేను తాగాను! అన్నీ నేనే తాగాను! దానికి చుక్క కూడా పొయ్యలేదు. దాని ముక్కు దగ్గరికి మూత కూడా తేలేదు. పక్కన నిలబడి నేనే తాగాను!"

"ఎన్ని?" అంది సెల్మెగ్ ఎప్పుడొచ్చిందో గానీ.

"చెంచా ఎవడికి కావాలి? సీసాకి నోరుందిగా!" అప్పుడు అందరూ తన వైపే చూస్తున్నారని అతనికి తెలిసింది. గొంతు తగ్గింది. ఈసారి పైకప్పు కేసి చూడలేదు. దుల్మా కేసి చూశాడు. "చెంచాడుతో తల ఇంత తేలికపడితే, సీసాతో ఇంకెంత తేలికపడుతుందో అనుకున్నాను. గుర్రానికైనా అంతేగా, లోపల ఎంత ఖాళీ అయితే అంత బాగా పరుగెత్తుతుంది. పండగ రోజు మైదానంలో అందరి ముందు నీ పేరు మర్చిపోతానేమోనని..."

ఎర్ర గుర్రం మాట ఆమె ఎప్పుడో నవ్వి మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదని ఆమెకు తెలియదు.

బాద్రఖ్ లొదోయ్ పొట్ట మళ్ళీ నొక్కాడు. ఈసారి తొందర లేకుండా, కళ్ళు మూసుకుని, మూలమూలా నొక్కాడు. "తిండి?"

"అది కూడా తగ్గించాడు," అంది దుల్మా. "మాంసం ముక్క ముట్టి ఎన్నాళ్ళైందో. ఆకలి లేదంటే జబ్బనుకున్నాను. తనను తనే తాడుకి కట్టుకున్నాడని నాకేం తెలుసు?"

సర్జన్ కళ్ళు తెరిచి సెల్మెగ్ వైపు చూశాడు. "రేపు పొద్దుటిదాకా నీకిస్తున్నాను. గంటగంటకీ నేనొచ్చి నొక్కుతాను. పొట్ట రాయైతే ఇంక నీ మాట వినను."

"సరే సార్."

"ఖాళీ మంచం వెనక్కి తీసుకెళ్ళండి," అన్నాడు. గుమ్మం దాటాక ఆయన భుజాలు కదలడం దుల్మా చూసింది. నవ్వుతున్నాడు.

ఆక్సిజన్ మాస్కు పెట్టాక లొదోయ్ చాలాసేపు భార్య వైపు గుర్రుగా చూశాడు. తర్వాత మాస్కు కాస్త ఎత్తి, "ఇంతకీ నువ్వు నిజంగా అలా అనుకున్నావా?" అని అడిగాడు.

"మొన్నటిదాకా అనుకున్నాను. నిన్న లద్దె చూశాక మానేశాను."

లొదోయ్ ఆలోచించాడు. "బాగా చూశావు," అన్నాడు. మాస్కు దించుకున్నాడు.

*

సాయంత్రం దుల్మా గుడారానికి వెళ్ళింది. బట్టలు తేవాలి, ఆవులు పితకాలి. పండగకొచ్చిన వాళ్ళ గుడారాలు మైదానం అంచున తెల్లగా మొలిచాయి. ఎక్కడో ఎవరో సౌండు బాక్సు పరీక్షిస్తూ "ఒకటి, రెండు" అని తప్ప ఇంకేం రానట్టు అదే అరుస్తున్నారు.

రెండు గుంజల మధ్య ఎత్తుగా లాగిన తాడుకి బూడిదరంగు పిల్ల గుర్రం కట్టి ఉంది. కుచ్చులా కట్టిన జూలు, లోపలికి పీక్కుపోయిన డొక్కలు. పందెం గుర్రానికి ఉండాల్సిన రూపమే అది. తాడు అందినంత మేరా నేల బోడిగా ఉంది. దానికి అవతల, రెండు అడుగుల దూరంలో, వానలకు పెరిగిన గడ్డి గాలికి ఊగుతోంది. గుర్రం మెడ సాచి ఆ గడ్డి కేసే చూస్తోంది. అరవడం లేదు, లాగడం లేదు. ఎవరికీ చెప్పుకోకుండా ఆకలిని అలవాటు చేసుకున్నట్టు చూస్తోంది.

ఆ చూపు దుల్మాకు తెలుసు. వేసవంతా గుడారంలో తన ఎదురుగా కూర్చుని, ఉడికిన మాంసం పళ్ళెం కేసి అలాగే చూసి, "ఆకలి లేదు," అన్న మనిషి చూపు అది.

ఆమె వెళ్ళి ముడి విప్పేసింది.

ఖోర్లో పాల బకెట్టుతో సహా పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో, ఏం చేస్తున్నావే? ఎల్లుండే పరుగు! ఒక్క పోచ తినకూడదన్నాడు వాడు!"

"ఆయనిప్పుడు మాస్కులో ఉన్నాడు వదినా, వినపడదు."

"నీకు మతి పోయిందా?"

"మతి పోతుందన్న భయంతో ఒకరు పేగులు పాడుచేసుకున్నారు. ఇక చాలు. ఈ ఇంట్లో ఒక్క ప్రాణికైనా కడుపు నిండనీ."

పిల్ల గుర్రం మొదట నమ్మలేదు. రెండడుగులు వేసి ఆగి, తాడు లాగుతుందేమోనని వెనక్కి చూసింది. లాగలేదు. తల దించింది. ఆ తర్వాత చీకటి పడేదాకా తల ఎత్తలేదు. అది గడ్డి తెంపే చప్పుడు వింటూ దుల్మా ఆవులు పితికింది. ఖోర్లో కాసేపు తిట్టింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని తనూ విన్నది.

"వాడికేం చెప్తావు?" అంది చివరికి.

"ముందు బతకనీ. తర్వాత ఏదో ఒకటి చెప్తాను."

*

బతికాడు. మర్నాడు పొద్దున బాద్రఖ్ నొక్కి చూసి, "పిండిముద్దే," అన్నాడు. మధ్యాహ్నం, "మెత్తటి పిండిముద్ద," అన్నాడు. సాయంత్రం అందరూ నిశ్శబ్దంగా టీ తాగుతుండగా లొదోయ్ మంచం మీంచి ఓ పెద్ద చప్పుడు వచ్చింది. పొడుగ్గా, నిదానంగా, ఏ తొందరా లేకుండా వచ్చింది. వార్డంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఆ క్షణంలో బిగబట్టడమే మంచిదైంది కూడా.

"టైరులో గాలి దిగింది!" అని అరిచాడు గొంబో. అందరూ చప్పట్లు కొట్టారు. మొన్న కెవ్వుమన్న నర్సు పరుగెత్తుకొచ్చి, సంగతి విని, తనూ చప్పట్లు కొట్టింది. సెల్మెగ్ గోడకి ఆనుకుని, చాలా రోజుల తర్వాత నిద్ర లేచినదానిలా నవ్వింది.

పండగనాటి పొద్దున ఫిల్ములో నెలవంక సన్నటి గీతైపోయింది. "ఇవాళ సాయంత్రం కొంచెం పులుసునీళ్ళు పట్టొచ్చు," అంది సెల్మెగ్. "మాంసం ఉడికించిన నీళ్ళు, ఉప్పు తక్కువ. వెళ్ళి పందెం చూసి రండి దుల్మా గారూ. ఈయన్ని నేను చూసుకుంటాను."

"మొదటి ఐదింటిలో వస్తుంది, చూడు," అన్నాడు లొదోయ్ మాస్కులోంచి. దుల్మా చెప్పులు వేసుకుంది.

మైదానం దుమ్ముతో, మాంసం కూరిన హూషూర్ వేపుడు వాసనతో నిండిపోయింది. దూరాన దుమ్ము మేఘం కనిపించగానే జనమంతా హద్దు తాళ్ళు తోసుకుని ముందుకొచ్చారు. మొదటి గుర్రం వచ్చింది, రెండోది వచ్చింది. చెమట కోసం జనం వాటి మీద పడ్డారు. పందెం గుర్రం చెమట తగిలితే ఏడాదంతా శుభం. తర్వాత గుంపులు గుంపులుగా వచ్చాయి. తర్వాత ఒకటొకటిగా. తర్వాత రాలేదు. జనం వెనుదిరిగి వేపుళ్ళ వైపు నడవడం మొదలుపెట్టారు.

అప్పుడొచ్చింది బూడిదరంగు పిల్ల గుర్రం. రౌతు ఖోర్లో మనవరాలు, టోపీ మెడ వెనక్కి జారిపోయి, కళ్ళెం వదిలేసి, రెండు చేతులతో జూలు పట్టుకుని కూర్చుని ఉంది. గుర్రం పరుగెత్తడం లేదు, నడవడం లేదు. పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా అటూ ఇటూ చూస్తూ, దారి పక్కన మరో పోచ కొరికి నములుతూ వస్తోంది. పొట్ట గుండ్రంగా డోలులా ఊగుతోంది.

వెనుదిరిగిన జనం మళ్ళీ తిరిగారు. ఎవరో "నిండు కడుపు! నిండు కడుపు!" అని అరిచారు. రెండేళ్ళ గుర్రాల పందెంలో కడపటిదానికి అదే బిరుదు. మొదటిదానికి పతకం, కడపటిదానికి పాట. పాటగాడు నీలం పట్టు కండువా రెండు చేతుల మీదా పరుచుకుని గుర్రం ముందుకొచ్చి నిలబడ్డాడు. దుల్మాను పిలిచి కళ్ళెం ఆమె చేతికిచ్చారు. వేలమంది ముందు ఎన్నడూ నిలబడని మనిషి, నిలబడింది.

"తప్పు నీది కాదు, బూడిదరంగు బంగారమా," అని ఎత్తుకున్నాడు పాటగాడు. "దారి రాళ్ళది తప్పు, ముందు పోయినవాళ్ళ దుమ్ముది తప్పు. కళ్ళెం పేనినవాడిది తప్పు, కడుపు మాడ్చినవాడిది తప్పు. నాలుగు కాళ్ళు నీకున్నాయి, నీ ముందు నాలుగు కాలాలున్నాయి. తిన్నది ఒంటబట్టనీ, వచ్చే వేసవికి నీ తోకే అందరూ చూడనీ!"

గిన్నెడు ఐరగ్ గుర్రం వెనక చల్లాడు. కడుపు మాడ్చినవాడిది తప్పు అన్నచోట దుల్మా నవ్వడం మొదలుపెట్టింది, ఇక ఆపలేకపోయింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పక్కన ఖోర్లో, మొన్నటి తిట్లన్నీ ఎవరో తిట్టినట్టు, "మా గుర్రమే! మాదే!" అని అందరికీ చెబుతోంది.

*

వార్డులోకి అడుగుపెట్టేసరికి లొదోయ్ గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మాస్కు లేదు. గొంబో దిండు మీద చిన్న రేడియో ఉంది. మొదటి ఐదు గుర్రాల రంగులూ, యజమానుల పేర్లూ చెప్పి అది పాటలకి మళ్ళింది.

"ఐదింటిలో లేదు," అన్నాడు లొదోయ్.

"లేదు."

"ఆరోదా?"

"కాదు."

"పదిలో?"

దుల్మా సంచిలోంచి నీలం కండువా తీసి అతని ఒళ్ళో పెట్టింది. లొదోయ్ దాన్ని చూశాడు. అది ఎవరికిస్తారో అతనికి వేరే చెప్పనక్కర్లేదు. గొంబో రేడియో ఆపేసి, ఇకపై జరగబోయేదానికి సాక్షి కాదలచుకోనట్టు దుప్పటి ముసుగుపెట్టాడు.

"ఎవరు విప్పారు?" అన్నాడు లొదోయ్.

"నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు నిజం చెప్పిన రోజే."

లొదోయ్ కండువాను మోకాలి మీద పరిచి అరచేత్తో ముడతలు తీశాడు. ఒక మూల నుంచి ఇంకో మూలకి, నెమ్మదిగా తీశాడు. దుల్మా నిలబడే ఉంది. తిడితే ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. ఒక్కటీ గుర్తు లేదు.

"బాగా తిన్నదా?" అన్నాడు.

"పందెం మధ్యలో కూడా ఆగి తిన్నది."

అతని నోటి మూలలు కదిలాయి. పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు, అలవాటు కొద్దీ. తట్టలేదు. ఊరికే ఉంచాడు. "దుల్మా," అన్నాడు, పేరు నాలుక మీద ఉందో లేదో చూసుకున్నట్టు. తర్వాత సంచి వైపు గడ్డం చూపించి, "అందులో ఏదో వాసన వస్తోంది," అన్నాడు.

దుల్మా ఫ్లాస్కు మూత తీసి మాంసం నీళ్ళు గిన్నెలో పోసింది. లొదోయ్ రెండు చేతులతో అందుకుని ఆపకుండా తాగాడు. గిన్నె వాల్చి, అడుగున మిగిలినది వేలితో చుట్టూ తిప్పి నాకాడు. అప్పుడు గిన్నె ఆమె ముందుకి చాపాడు.

"ఇంకొంచెం పొయ్యి."